తన పద్ధతిని తానే ఆపమన్న వసంత మేడమ్

గాజుల వసంత గారు కన్నుమూశారన్న వార్త కళాశాలలో పాఠాలు చెప్పే నాకు ప్రయోగశాలలో ఉండగా తెలిసింది. మొదటి సంవత్సరం పిల్లలు గాజు పాత్రలు కడుగుతున్నారు. ఫోన్ మోగింది. అవతల ఆమె తమ్ముడు శ్రీనివాస్. "మాధవక్కా, అక్క పోయింది," అన్నాడు. ఊపిరితిత్తుల వ్యాధితో ఆమె కొన్ని నెలలుగా మంచం పట్టి ఉన్నారు. మరణం దగ్గర పడిందని బుద్ధికి తెలుస్తూనే ఉంది. అయినా ఆ మాట చెవిన పడినప్పుడు చేతిలో ఉన్న పిపెట్‌ను ఎక్కడ పెట్టాలో తోచక అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఒక విద్యార్థిని వచ్చి దాన్ని మెల్లగా నా చేతిలోంచి తీసి స్టాండులో పెట్టింది. "మేడమ్, కూర్చోండి" అంది. నన్ను 'మేడమ్' అని పిలవగానే దుఃఖం పొంగింది. నాకు ఆ పిలుపు ఎప్పుడూ ఆమె ఒక్కరిదే.

సూరత్‌లో తెలుగువాళ్లం రెండు లోకాలుగా బతుకుతాం. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి వచ్చి మగ్గాల మీద, రంగుల మిల్లుల్లో పనిచేసేవారు ఒక లోకం. హజీరా వైపు పెద్ద పరిశ్రమల్లో ఇంజినీర్లుగా, మేనేజర్లుగా ఉండేవారు మరొకటి. నేను ఆ రెండో లోకపు పిల్లను. మా నాన్నది గోదావరి జిల్లా. వసంత గారు మొదటి లోకపు బిడ్డ. సిరిసిల్ల దిక్కు నుంచి వలస వచ్చిన తండ్రి ఖటోదరాలో మగ్గాలు నడిపితే, ఆమె మునిసిపాలిటీ తెలుగు బడిలో అక్షరాలు దిద్దుకుని, రసాయనశాస్త్రంలో పరిశోధన పట్టా దాకా వెళ్లి, మా కళాశాలలో నానో టెక్నాలజీ బోధించే ఆచార్యులయ్యారు. తరగతిలో హిందీ, గుజరాతీ, ఇంగ్లీషు కలిపి చెప్పేవారు. బయట నాతో మాత్రం ఇంటి తెలుగే మాట్లాడేవారు. మేనేజర్ల పార్టీల్లో కూడా ఆ భాష మార్చలేదు.

ఆమె మొదటి పాఠం విన్నవారెవరూ దాన్ని మరచిపోలేదు. ఒక పరీక్షనాళిక ఎత్తి చూపించారు. అందులో దానిమ్మరసం లాంటి ఎర్రటి ద్రవం. ఇదేమిటని అడిగారు. జరీ పని చేసే కుటుంబం నుంచి వచ్చిన ఒక అబ్బాయి "రంగునీళ్లు" అన్నాడు. "బంగారం" అన్నారామె. అతను ఒప్పుకోలేదు. "మేడమ్, మా తాతల నాటి నుంచి మాది జరీ పని. బంగారం ఎర్రగా ఉండదు" అన్నాడు. ఆమె నవ్వారు. "మీ ఇంట్లో ఎవరూ బంగారాన్ని ఇంత చిన్న రేణువులుగా చేయలేదు బేటా. మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత చిన్నగా చేస్తే పదార్థం రంగు మార్చుకుంటుంది, గుణం మార్చుకుంటుంది. కాబట్టి దాని పాత పేరు చూసి దాన్ని నమ్మొద్దు." ఆ చివరి వాక్యాన్ని అప్పుడు మేమంతా ఒక చమత్కారంగా విన్నాం. దాని బరువేమిటో మాకు తెలియడానికి కొన్నేళ్లు పట్టింది.

నేను ఆమె దగ్గర పరిశోధకురాలిగా చేరిన తొలి రోజుల్లో ఒక ఉదయం కూరగాయల సంచితో ప్రయోగశాలకు వచ్చారు. సంచి నిండా చేమాకులు. సూరత్ ఇళ్లలో శనగపిండి పూసి, చుట్టి, ఆవిరికి ఉడికించి 'పాత్రా' చేసుకునే ఆకులే. ఒకటి బల్ల మీద పరచి నీటిచుక్క వేశారు. చుక్క పాదరసంలా గుండ్రంగా నిలిచి, ఆకు వంచగానే జారిపోయింది; ఆకు తడవలేదు. "చూసినవా మాధవీ? ఆకు మీద కంటికి కనవడని గరుకుంటది. నీళ్లకు కాలు ఆనదు. మనం గిదే గరుకు బట్టకు తేవాలె" అన్నారు. ఆరోజు ఆమె కళ్లలో చూసిన ఉత్సాహం చిన్నపిల్లల్లో కూడా అరుదు. ప్రయోగం చేయగా మిగిలిన ఆకులతో పాత్రా చేసి మర్నాడు డబ్బాలో పెట్టి తెచ్చారు. ఉప్పు కాస్త ఎక్కువైంది. "శాస్త్రవేత్త వంట ఇట్లనే ఉంటది, తిను" అన్నారు.

ఆ పరిశోధన ఫలించింది. ఇసుకలో ఉండే సిలికానే అతి సూక్ష్మమైన పొడిగా చేసి, ఒక ద్రావణంలో కలిపి బట్ట మీద పిచికారీ చేసి వేడి చేస్తే, ఆ బట్టకు నీరు అంటదు, మరక పట్టదు. కర్టెన్ల బట్ట మీద అద్భుతంగా పనిచేసింది. పాండేసరాలోని ఒక మిల్లు ఆ పద్ధతిని తీసుకుంది. ఆమె తండ్రి అప్పటికి బతికే ఉన్నారు. బిడ్డ తెచ్చిన గుడ్డముక్క మీద చెంబుతో నీళ్లు పోసి, అవి జారిపోతుంటే మళ్లీ మళ్లీ పోసి చూసుకున్నారట. కళాశాలకు పేరొచ్చింది. మిల్లు యాజమాన్యం మా ప్రయోగశాలకు కొత్త పరికరాలు సమకూర్చింది. ఆచార్య వృత్తిలో ఒక మనిషి కోరుకోదగిన గౌరవమంతా ఆమెకు ఆ ఏడాది దక్కింది. కథ అక్కడే ఆగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. అలాంటి శాస్త్రవేత్తలు దేశంలో చాలామంది ఉన్నారు.

బట్ట మీద పూత సమంగా రావడం లేదని మిల్లు నుంచి కబురు వస్తే ఇద్దరం వెళ్లాం. పిచికారీ గది కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గాలి తగిలితే పూత చెదురుతుందని మూశారట. గదంతా తెల్లటి మంచు పట్టినట్టుంది. లోపల పనివాళ్ల జుట్టు మీద, కనురెప్పల మీద తెల్లటి పొడి. ఒకతను బస్తా విప్పి పొడిని డ్రమ్ములోకి ఒంపుతున్నాడు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని ఉన్నాడు. పొడి పొగలా లేచింది. మమ్మల్ని చూసి పక్కకు తిరిగి దగ్గాడు. అతని పేరు రాజమల్లు. వడోద్‌లో కాపురం ఉంటాడు.

"ఏ ఊరు తమ్మీ?" అని అడిగారు మేడమ్.

అతని ముఖం వికసించింది. "మనోళ్లేనా అక్కా! మాది జగిత్యాల దిక్కు."

"దగ్గు ఎప్పటిసంది?"

"గీ రూముల పడ్డప్పటిసంది. జర వస్తది, పోతది. ఏం గాదు."

"మాస్కు ఇయ్యలేదా?"

"ఇచ్చిండ్రు. దానితోని ఊపిరాడ్తలేదక్కా. గీ దస్తీనే మంచిగున్నది."

"నువ్వు కలిపేటిది ఏందో చెప్పిండ్రా?"

"పౌడరంట. ముఖానికి రాసుకునేటి అసొంటిదే అన్నడు సూపర్‌వైజర్."

ఆమె బయటికి వచ్చి మిల్లు గేటు పక్కన అరుగు మీద కూర్చుండిపోయారు. రంగుల వాసన, ఆవిరి, లారీల రొద. అక్కడే అన్నారు. "మనం లాబుల గాలి గుంజే యంత్రం కింద పెట్టి చెంచాతోని కలిపినం. ఇక్కడ బస్తాలతోని కలుపుతుండ్రు. పిచికారీ కొట్టమని నేనే రాసిన మాధవీ. గది ఎట్లుండాలె, మనిషి ఎట్లుండాలె అని ఒక్క ముక్క రాయలే."

అదే రోజు సేఠ్‌ను కలిశారు. ఆయన చెడ్డ మనిషి కాదు. పనివాళ్ల పేర్లు తెలిసిన యజమాని. మా ముందు మంచినీళ్లు, ఫలహారం పెట్టించాడు. గుజరాతీలో అక్కా అన్న పిలుపుతోనే మొదలుపెట్టాడు. "బెన్, ఇది ఇసుకే కదా? సముద్రం ఒడ్డున పిల్లలు ఆడుకునే ఇసుక. పరీక్షలన్నీ చేసి మీరే కదా ఇచ్చారు" అన్నాడు. "పేరు ఇసుకే సేఠ్‌జీ. కానీ ఇది ఊపిరితిత్తుల అడుగు దాకా పోయేంత చిన్నది. అక్కడ ఏం చేస్తుందో మాకు పూర్తిగా తెలియదు. తెలియనంత కాలం దాన్ని మనిషి ముక్కుకు దూరంగా ఉంచాలి. నేను బట్టను పరీక్షించాను, మనిషిని చూడలేదు" అన్నారామె. దీపావళి ఆర్డర్లు అయ్యాక చూద్దామన్నాడు ఆయన. దీపావళి అయింది. పెళ్లిళ్ల ఆర్డర్లు వచ్చాయి.

ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారికి చెప్పారు. పలుమార్లు చెప్పారు. ఆయన విన్నారు. వినడం దగ్గరే ఆగిపోయింది.

చివరకు కళాశాలకూ మిల్లుకూ మధ్య కుదిరిన సహకారాన్ని వేడుకగా జరుపుకునే సభ వచ్చింది. పూలమాలలు, కెమెరాలు. ఆవిష్కర్తగా వసంత గారిని మాట్లాడమన్నారు. ఆమె వేదికనెక్కి, మామూలు గొంతుతో, హిందీలో చెప్పారు: "ఈ పద్ధతిని కనిపెట్టింది నేను. ఇప్పుడు నడుస్తున్న తీరులో దీన్ని వెంటనే ఆపమని అడుగుతున్నదీ నేనే. ఆ గదిలో పనిచేసే వారిలో దగ్గు లేనివాడు నాకు కనిపించలేదు. ఆ దగ్గుకు కారణం మా పొడేనని నేను రుజువు చేయలేను. కాదని మీరు రుజువు చేసేదాకా కిటికీలు మూసిన గదిలో దాన్ని కొట్టవద్దు." చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు అలాగే ఒళ్లోకి దిగాయి. సభ ముగిశాక ప్రిన్సిపాల్ గారు మా దగ్గరికి వచ్చి, కోపం కంటే బాధే ఎక్కువగా ఉన్న స్వరంతో, "ఈ మాట నా గదిలో చెప్పి ఉండొచ్చు కదా మేడమ్" అన్నారు. "చెప్పాను సార్. మీరు టీ తెప్పించారు" అన్నారామె.

పరిశోధనశాల బాధ్యత ఆమె నుంచి తొలగించారు. మొదటి సంవత్సరం పిల్లలకు సాధారణ రసాయనశాస్త్రం చెప్పమన్నారు. కొత్త పరికరాల గదికి తాళం పడింది. ఆమె దాన్ని నిబ్బరంగా తీసుకున్నారు. తర్వాత జరిగినదాన్ని మాత్రం తీసుకోలేకపోయారు. ఆ సభలో మాట బయటికి పొక్కి, బట్ట కొనే ఒక పెద్ద వ్యాపారి వెనక్కి తగ్గాడు. మిల్లు పిచికారీ గదిని మూసేసింది. ఆ గదిలో పనిచేసేవారందరినీ ఇంటికి పంపేసింది.

రాజమల్లు కళాశాల గేటు దగ్గరికి వచ్చాడు. కాపలావాళ్లు ఆపుతుంటే మేడమ్ తానే బయటికి వెళ్లారు. నేను పక్కనే ఉన్నాను.

"గిట్లనా అక్కా చేసేది? నిన్ను ఎవలడిగిండ్రు? దగ్గు నాది, పని నాది. నువ్వు మైకు పట్టుకొని మాట్లాడినవ్, నా పని పోయింది. ఇప్పుడు దగ్గొక్కటే మిగిలింది." అంటూనే దగ్గు తెర వచ్చి వంగిపోయాడు.

ఆమె తనను సమర్థించుకోలేదు. శాస్త్రం చెప్పలేదు. "నువ్వన్నది నిజమే రాజమల్లూ. నీ సంగతి నేను ముందుగాల ఆలోచించాల్సి ఉండె" అన్నారు. అతను తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆమె తన అన్నం డబ్బా మూత తీయలేదు. "సత్యం చెప్తే ఎవలకు దెబ్బ తగుల్తదో లెక్క చూసుకోకుండ చెప్పిన. గది బాగు చేయిపిద్దామనుకుంటే మనుషుల్నే తీసేసిండ్రు" అని మాత్రం అన్నారు.

ఆ మర్నాటి నుంచి ఖటోదరా సందుల్లో, బమ్రోలి సందుల్లో కార్ఖానా కార్ఖానాకూ తిరిగారు. మగ్గాల యజమానులు చాలామంది ఆమె తండ్రిని ఎరిగినవారే. "వానికి ఏదన్న పని ఇయ్యుండ్రి. దుమ్ము లేని పని" అని అడిగారు. దగ్గే మనిషిని ఎవరూ తీసుకోరు. చివరికి బమ్రోలిలో ఒకాయన బట్ట మడతపెట్టే పనికి ఒప్పుకున్నాడు. ఆ పని ఎవరు ఇప్పించారో రాజమల్లుకు తెలుసు. అయినా చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. అతని భార్య లక్ష్మి మాట్లాడేది. చంకలో పసిపిల్లను వేసుకుని, "ఆయన మనసు అసొంటిదే మేడమ్, పట్టించుకోకుండ్రి" అనేది.

తాళం వేసిన పరిశోధనశాలకు వెలుపల, పిల్లల పాఠాల కోసం వాడే మామూలు ప్రయోగశాలలో, ఆమె తన పద్ధతిని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. పొడి అన్నదే లేకుండా రేణువులు ద్రవంలోనే పుట్టాలి, ద్రవంలోనే ఉండాలి. బట్టను అందులో ముంచి, రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టాలి. గాలిలోకి ఏదీ లేవదు. పిండిన నీళ్లను కాలువలోకి వదలకుండా తొట్టిలో నిలబెట్టి, అడుగున పేరుకున్నదాన్ని తీసి వేరు చేయాలి. పద్ధతి కుదిరింది, కానీ నెమ్మది. పిచికారీ అంత వేగంగా సాగదు. ఎవరైనా వాడుకోవచ్చని ఆమె దాన్ని ఉచితంగా ఇచ్చారు. ఖటోదరాలో ఒక చిన్న కార్ఖానా తీసుకుంది. తక్కినవాళ్లు బాగుందన్నారు, తీసుకోలేదు. మరో పేటలో మరెవరో ఎక్కడినుంచో పొడి బస్తాలు తెప్పించి అదే పిచికారీ మొదలుపెట్టారని విన్నప్పుడు ఆమె రాసుకుంటున్న కలం మూసి పెట్టారు. "ఒకసారి కనిపెట్టినంక అది మన మాట వినదు మాధవీ" అన్నారు.

సాధారణ రసాయనశాస్త్రం చెప్పే తరగతిలోనూ ఆమె నానో పాఠం వదల్లేదు, కానీ బోధన మారింది. కాన్సర్ కణం దాకా మందును మోసుకెళ్లే రేణువుల గురించి, నీటిని శుద్ధిచేసే జల్లెడల గురించి, చెమట వాసన రానివ్వని వెండి పూత మేజోళ్ల గురించి ఎప్పటిలాగే ఉత్సాహంగా చెప్పేవారు. ఎవరైనా విద్యార్థి ఒక కొత్త ఉపయోగం గురించి గొప్పగా చెప్పి కూర్చోబోతే మాత్రం ఆపి అడిగేవారు: "ఉతికాక ఆ వెండి ఎటు పోతుంది? కలిపేవాడు ఏం పీలుస్తాడు?" జవాబు లేకపోతే తెలుసుకుని రమ్మనేవారు. ఈ ప్రశ్నలను పాఠ్యప్రణాళికలో ఒక అధ్యాయంగా చేర్చమని పాఠ్యప్రణాళికా సంఘానికి రాశారు. పిల్లలకు భారమవుతుందని వారు తిరస్కరించారు. ఆమె ఆ అధ్యాయాన్ని ప్రణాళికలో లేకుండానే ప్రతి ఏడూ చెప్పారు.

ఆ ప్రశ్నలనే పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలని ఆమె బమ్రోలిలో ఆదివారం తరగతి మొదలుపెట్టారు. ఒక కిరాణా దుకాణం వెనక గది. తమ పాళీ పని ముగించుకుని వచ్చిన మిల్లు పనివాళ్లు, అక్కడక్కడా వారి భార్యలు. చాప మీద కూర్చుని, తెలుగులో పాఠం. ఒక మధ్యాహ్నం ఆమె కిటికీ రెక్కలు మూసి సన్నటి సందు మాత్రం వదిలారు. ఎండ కిరణం గదిలోకి దూరింది. అందులో దుమ్ము ఆడుతోంది.

"కనవడ్తున్నయా?"

"కనవడ్తున్నయక్కా."

"ఇవి పెద్దయి. ఇవి చాలమటుకు ముక్కులనే ఆగుతయి. మనం భయపడాల్సినయి గీ వెలుగుల గూడ కనవడయి."

"కనవడనిదాన్ని ఎట్ల నమ్మాలె?" అన్నాడొకాయన.

"నీ దగ్గును నమ్ము. నేను చెప్పేది తర్వాత."

గది నవ్వింది. నవ్వు ఆగాక ఇంకొకతను అడిగాడు: "మంచి మాస్కు కావాలె అంటే సేఠ్ పోతే పో అంటడు కదక్కా?"

"ఒక్కడివి అడిగితే అంటడు. పాళీ పాళీ మొత్తం కలిసి అడుగుండ్రి. ఊకె కొట్లాటకు పోకుండ్రి. ఏ మాస్కు కావాల్నో, గాలి యాడికెళ్లి గుంజాల్నో నేను చెప్తా, అది అడుగుండ్రి."

అడిగారు. ఒక మిల్లులో మూతికి సరిగ్గా అతుక్కునే మాస్కులు వచ్చాయి, గోడకు గాలిని బయటికి లాగే ఫ్యాను బిగించారు. ఇంకో మిల్లులో ఏమీ రాలేదు. అడిగినవారిలో ముందు నిలబడ్డ ఇద్దరిని మాన్పించారు. ఆమె రెండు సంగతులనూ తరగతిలో దాచకుండా చెప్పేవారు. ఆశ ఒక్కటే చెప్పి పంపితే రాజమల్లుకు చేసిందే మళ్లీ చేసినట్టవుతుందనేవారు.

రాజమల్లు కూడా ఒక ఆదివారం వచ్చాడు. గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. అప్పటికి మెట్లెక్కలేని స్థితిలో ఉన్నాడు. ఆమె పాఠం ఆపి, అతన్ని చూసి, మళ్లీ కొనసాగించారు. చివర్లో అతనే నోరు విప్పాడు. "అక్క చెప్పేది నిజమేరా. నేను కోపంల గేటు కాడ తిట్టిన. అప్పుడు ఇంత దమ్ముండె తిట్టనీకి. ఇప్పుడు అది గూడ లేదు" అన్నాడు. మేడమ్ చాప మీద నుంచి లేచి వెళ్లి అతని పక్కన కూర్చున్నారు. ఆ ఎండాకాలం దాటకముందే అతను చనిపోయాడు.

వడోద్‌లోని ఆ ఒంటిగది ఇంటికి మేము వెళ్లినప్పుడు లక్ష్మి ఆమెను పట్టుకుని ఏడ్చింది. తిరిగి వస్తుంటే ఆటోలో నేను, "ఆ పొడివల్లే కదా మేడమ్" అన్నాను. "అంతకుముందు ఏండ్లకేండ్లు మగ్గాల కాడ నూలుదుమ్ము మింగిండు. బీడీలు తాగిండు. ఇరుకు గదిల బతికిండు. ఏది ఎంతో చెప్పలేం. చెప్పలేమనే అందరు తప్పించుకుంటరు. మనం గూడ" అన్నారు. ఆ 'మనం'లో తనను ఎప్పుడూ మినహాయించుకోలేదు ఆమె.

తర్వాత ఆమెకే ఆయాసం మొదలైంది. మొదట పైఅంతస్తు తరగతులు కింది గదికి మార్పించుకున్నారు. తర్వాత వాక్యం మధ్యలో ఆగి, శ్వాస తీసుకుని, పూర్తిచేసేవారు. పిల్లలు ఆ విరామాల్లో కదలకుండా కూర్చునేవారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని వైద్యులు చెప్పారు. ఎందుకని అడిగితే ఇదమిత్థంగా చెప్పలేమన్నారు. తొలినాళ్లలో, సరైన సదుపాయాలు లేని పాత ప్రయోగశాలలో, ఆమె ఏళ్ల తరబడి ముఖానికి అడ్డమేమీ లేకుండా పొడులు తూచారని నాకు తెలుసు. ఆ మాటే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు. "రుజువు లేదు. రుజువు లేని మాట నా పేరు మీద రాయకు మాధవీ. రాస్తే మన మాటను ఎవరూ నమ్మరు. రాజమల్లు లెక్క ఇంకెందరో ఉన్నరు. వాళ్లకు మన మాట అక్కరకు రావాలె." అందుకే ఈ వ్యాసంలో ఆ వ్యాధి ఆమెకు దేనివల్ల వచ్చిందో నేను రాయడం లేదు. నా గుండెలో ఉన్నదాన్ని ఆమె ఆజ్ఞ మేరకు నాలోనే ఉంచుకుంటున్నాను.

నేను చివరిసారి చూసినప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం గురగురలాడుతోంది. శ్రీనివాస్ దిండ్లు సర్ది కూర్చోబెట్టాడు. నన్ను చూసి కనుబొమలెత్తారు. "ప్రణాళికల లేని ఆ పాఠం చెప్తున్నవా?"

"చెబుతున్నాను మేడమ్."

"పరీక్షల ప్రశ్న ఇస్తుండ్రా?"

"ఇంకా లేదు."

ఊపిరి కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. "అయితే క్లాసుల ఇంకింత గట్టిగ చెప్పు" అన్నారు. నా చెయ్యి పట్టుకుని పడుకున్నారు. ఆ వేళ్లు చల్లగా, తేలిగ్గా ఉన్నాయి.

శ్మశానవాటికకు కళాశాల తరఫున పుష్పగుచ్ఛం వచ్చింది. బమ్రోలి నుంచి, వడోద్ నుంచి పనివాళ్లు పాళీలు మార్చుకుని వచ్చారు. కొందరు నూలు అంటిన బట్టలతోనే వచ్చారు. మర్నాడు స్థానిక పత్రికలో చిన్న వార్త పడింది. 'నీరు అంటని వస్త్రాన్ని ఆవిష్కరించిన శాస్త్రవేత్త అస్తమయం' అని. ఆ ఆవిష్కరణను ఆపమని నిండుసభలో నిలబడ్డ సంగతి అందులో లేదు. పదవి పోయిన సంగతి లేదు. ఆదివారం తరగతి లేదు. ఆమె జీవితంలో ఆమె స్వయంగా గర్వపడని భాగాన్ని మాత్రమే లోకం గుర్తుంచుకుంది. నాచేత ఈ నాలుగు మాటలు రాయించింది ఆ వార్తే.

కర్మలు ముగిశాక వచ్చిన ఆదివారం బమ్రోలి గదికి నేను వెళ్లాను. తరగతి ఆగకూడదని పనివాళ్లే కబురు పెట్టారు. ఏం చెప్పాలో సిద్ధం చేసుకునే వెళ్లాను. మొదలుపెట్టకముందే లక్ష్మి లేచి నిలబడింది. ఆనాటి పసిపిల్ల ఇప్పుడు బడికి పోయే వయసు. తల్లి కొంగు పట్టుకుని నిలుచుంది.

"మేడమ్‌ను అడుగుదామనుకున్న. ఆమె పానం బాగలేనప్పుడు ఎట్ల అడగాలె అని ఊకున్న" అంది. "ఆయన గా రూముల పనిచేసినప్పుడు బట్టలు ఇంటికొచ్చే విప్పేటోడు. నేను దులిపి పిండేదాన్ని. దులిపితే తెల్లగ లేస్తుండె. ఇది అప్పుడు నా ఒళ్లెనే ఉండె. ఇప్పుడు దీనికి దగ్గు పట్టుకున్నది, ఇడుస్తలేదు. ఆ పొడి గిట్ల లోపలికి పోయి ఉంటదా? పోతే ఏమైతది?"

గదిలో అందరూ నా వైపు చూశారు. నేను చదివినదంతా గుర్తు చేసుకున్నాను. ఇళ్లకు చేరిన ఆ దుమ్ము పసిపిల్లలను ఏం చేస్తుందో చెప్పే జవాబు నేను ఎక్కడా చదవలేదు. "తెలియదు లక్ష్మీ. మంచి డాక్టరుకు చూపిద్దాం. నేను వెంట వస్తాను" అన్నాను.

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "మీకు గూడ తెల్వదా" అని, పిల్లను దగ్గరికి తీసుకుని కూర్చుంది.

మాట ఇచ్చినట్టే పిల్లను తీసుకెళ్లాం. మందులు రాశారు. దగ్గు ఇంకా తగ్గలేదు.

పూజ్య గురువు వసంత గారికి ఆమె విద్యార్థిని సమర్పించుకోగలిగిన నివాళి ఇంతే. కళాశాలలో ఆమె స్థానంలో త్వరలో మరొకరిని నియమిస్తారు. వారు యోగ్యులే అయి ఉంటారు. సూరత్‌లో నానో శాస్త్రం చెప్పగలవాళ్లం ఇంకా కొందరం ఉన్నాం. అందులోని మహిమలు మాకందరికీ తెలుసు. లక్ష్మి అడిగిన ప్రశ్న విని, తెలియదని ఒప్పుకుని, ఆ రాత్రికి మరచిపోకుండా, మర్నాడు పొద్దున్నే దాన్నే తన పరిశోధనగా మొదలుపెట్టే మనిషి మా అందరిలో ఒక్కరే ఉండేవారు.